పక్క కుర్చీ ఖాళీ చేశాక

మా వాడికి భాగహారం నేర్పబోయి మొదటిసారి భంగపడ్డాను. నేను భాగఫలాన్ని కుడిపక్కన రాస్తే, ఇక్కడి బళ్లో గీత పైన రాస్తారట. "అమ్మా, అక్కడ కాదు" అని నా చేతిలో పెన్సిల్ లాక్కున్నాడు. అప్పటికి వాడు నాలుగో తరగతి. అమెరికాలో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా వంటగది బల్ల దగ్గర వాడి పక్క కుర్చీ నాదే. ఏ రోజు ఏ హోంవర్క్ ఉందో వాడికంటే నాకే బాగా తెలుసు.

నాకొచ్చిన చదువు అలాంటిది మరి. విజయవాడలో ఇంటర్ హాస్టల్లో తెల్లవారకముందే లేపేవారు. ఈ గంట ఫిజిక్స్, ఆ గంట మ్యాథ్స్ అని ఇన్‌ఛార్జి చెప్పేవాడు. ఇప్పుడేం చదవాలన్న ప్రశ్న నేను ఎన్నడూ వేసుకోలేదు. మార్కులు బాగానే వచ్చాయి. ఇక్కడ ఎంఎస్‌లో మొదటి రోజే సిలబస్ కాగితం చేతికిచ్చి, గడువు తేదీలన్నీ అందులో ఉన్నాయన్నారు. ఆ తర్వాత అడిగినవాళ్లు లేరు. మిడ్‌టర్మ్‌లో చతికిలపడ్డాను.

అదంతా మర్చిపోయి నేనే వాడికి ఇన్‌ఛార్జినయ్యాను. ఆరో తరగతిలో ఒక అసైన్‌మెంట్‌కి సున్నా పడితే టీచర్‌కి నేనే మెయిల్ రాశాను. "ఈసారి మీ అబ్బాయినే రాయమనండి" అని మర్యాదగానే జవాబిచ్చారావిడ. ముఖం చెల్లలేదు. మా రోజుల్లో స్టాఫ్ రూమ్‌కి వెళ్లామంటే తిట్లు తినడానికే, సందేహం అడగడానికి కాదు. వాడు రెండు వాక్యాలు రాయడానికి ముప్పావు గంట పట్టింది. మధ్యలో నోరు కట్టేసుకోవడం నాకు వాడికంటే కష్టమైంది.

కుర్చీ ఖాళీ చేశాను గానీ, చదవడమంటే వాడికి హైలైటర్‌తో పేజీకి పసుపు రంగు పూయడమే. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం గురించి చదివాను. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. చూడకుండా గుర్తు చేసుకుని రాసినవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. మనవాళ్లు అప్పజెప్పమనేది ఇదే కదా అనుకున్నా. కాకపోతే మేం అప్పజెప్పినప్పుడు ఒక్క ముక్క మారినా ఒప్పుకునేవారు కాదు, అర్థమైందా అని అడిగేవారూ కాదు.

అందుకని అప్పజెప్పించుకునే పని తెనాలిలో ఉన్న మా అత్తయ్యకిచ్చాను. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి మా వాడి వీడియో కాల్. ఆవిడకి సాయంత్రం ఆరున్నర. ఇంగ్లీషు రాదు కాబట్టి వాడి పాఠంలో పెద్ద మాటలేవీ అక్కడ చెల్లవు.

"ఆకులు ఎండతో వంట చేసుకుంటాయి నాయనమ్మా."

"మరి రాత్రిళ్లు పస్తేనా?"

వాడు నా వైపు చూశాడు. నేను దోసె తిరగేస్తూ ఉండిపోయాను. నిజానికి నాకూ తెలీదు.

తర్వాతి ఆదివారం ఫోన్ కలపకముందే వాడి దగ్గర ఒక కాగితం సిద్ధంగా ఉంది. పగలు దాచుకున్న పిండిపదార్థాన్ని రాత్రి కొంచెం కొంచెం వాడుకుంటాయట.

"మీ అమ్మ చెప్పిందా?" అందావిడ.

"అమ్మకి తెలీదు నాయనమ్మా" అన్నాడు.