తోలు సంచిలో తాళిబొట్టా!

కిల్ట్ అంటే స్కాట్లాండ్‌లో మగవాళ్ళు నడుముకి చుట్టుకునే గళ్ళ ఉన్ని బట్ట. దానికి జేబులుండవు. ఈ సంగతి అక్కడి ఇన్వర్నెస్ ఊళ్ళో అద్దె బట్టల షాపులో, అద్దం ముందు నిలబడ్డాకే నాకు తట్టింది. నడుముకి రెండు పక్కలా తడుముకుంటే చేతికి ఉన్ని కుచ్చిళ్ళు తప్ప ఏమీ తగల్లేదు.

మా పిన్ని కొడుకు పెళ్ళికని వెళ్ళాం. పెళ్ళికూతురిది ఇన్వర్నెస్. మన వైపు మగవాళ్ళందరూ కిల్టు కట్టుకోవాలని తమ్ముడి కోరిక. వాళ్ళ పద్ధతిలో పెళ్ళి అయ్యాక తాళి కూడా కట్టాలని పిన్ని కోరిక. తాళిబొట్టు, ఉంగరాలు నా దగ్గర భద్రంగా ఉంచుకుని, టైముకి అందించాలి. పెద్దన్నయ్యగా నాకు అప్పగించిన పని అదే.

షాపులో పెద్దాయన కిల్టుతో పాటు ఒక సంచి ఇచ్చారు. తోలుదే, మూత మీద మాత్రం కుందేలు బొచ్చు. గొలుసుతో నడుము చుట్టూ తగిలించుకుంటే కడుపు కింద, ముందువైపు వేలాడుతుంది. దాన్ని స్పారన్ అంటారు. స్కాట్లాండ్ వాళ్ళ పాత భాష గేలిక్‌లో ఆ మాటకి అర్థం డబ్బు సంచి, అంతే. కిల్టుకి జేబు లేని లోటు తీర్చడానికే పుట్టింది. పూర్వం జింక తోలుతో, తాడు లాగి ముడేసే మామూలు సంచులే ఉండేవట. గుర్రపు వెంట్రుకలతో మోకాళ్ళ దాకా వేలాడేవి తర్వాత సైనిక పటాలాల వల్ల వచ్చాయి. సీల్ అనే సముద్ర జంతువు తోలువి కూడా షాపులో ఉన్నాయి. డల్లాస్ నుంచి వచ్చిన మా పెద్దమ్మ కొడుకు ఒకటి కొనబోతే ఆ పెద్దాయనే ఆపేశారు. 1972 నాటి చట్టం ప్రకారం సీల్ తోలు వస్తువుల్ని అమెరికాలోకి తీసుకెళ్ళనివ్వరు.

పిన్ని ఆ బొచ్చు సంచిని చేత్తో కూడా ముట్టుకోలేదు. "తోలు సంచిలో తాళిబొట్టా! నేనొప్పుకోను నాన్నా. ఇంకేదైనా చూడు" అంది. ఆవిడ చెప్పిన తీరులో కోపం లేదు, కంగారు ఉంది. కాదనబుద్ధి కాలేదు. పెళ్ళికి ఇంకా నాలుగు రోజులుంది.

ముందు కోటు జేబు చూశాను. ఆర్గైల్ అనే కోటుకి మూతలున్న జేబులుంటాయి. చాలామంది స్పారన్ బదులు ఫోను, పర్సు అందులోనే వేసుకుంటారు. కానీ డాన్సు మొదలవగానే కోట్లు విప్పి కుర్చీల మీద పడేస్తారని పెద్దాయన ముందే హెచ్చరించారు. కుర్చీ మీద కోటులో తాళిబొట్టు వదిలేసి నేను నిశ్చింతగా ఉండగలనా? ఇక రెండోది, మోకాలి దాకా ఉండే మేజోడు. చిన్న చాకు దోపుకునేది అందులోనే. సన్నటి వస్తువు ఏదైనా అక్కడ బాగానే ఆగుతుంది. "కాళ్ళ దగ్గరా?" అంది పిన్ని. ఆ మాటతో అదీ అయిపోయింది. ఎడిన్‌బరోలో ఒకతను జేబులున్న కిల్టు వేసుకుని తిరగడం చూశాను. అమెరికాలో సియాటిల్‌లో పెద్ద పెద్ద జేబులతో కిల్టులు కుట్టే కంపెనీ 2000లోనే మొదలైంది. రోజూ కట్టుకునేవాళ్ళకి అదే హాయి. మావి అద్దెవి, అందరివీ ఒకటే గళ్ళు. వాటికి సూది గుచ్చకూడదు.

మర్నాడు పొద్దున్నే నేనొక్కణ్ణే బస్సెక్కి అల్లాపూల్ వెళ్ళి, అక్కణ్ణుంచి ఓడలో దాదాపు మూడు గంటలు ప్రయాణం చేసి లూయిస్ దీవిలో స్టోర్నవే అనే ఊళ్ళో దిగాను. ఇది ముందే అనుకున్న ప్రయాణం. మాది మంగళగిరి. మా వెనక వీధిలో మగ్గాల చప్పుడు వింటూ పెరిగాను. ఆ దీవుల్లో నేసే హారిస్ ట్వీడ్ అనే ఉన్ని గుడ్డ తయారయ్యే చోటు చూడకుండా స్కాట్లాండ్ నుంచి తిరిగి రావడం నా వల్ల కాదు.

ఊరి బయట ఒక రేకుల షెడ్డులో పాత హాటర్స్‌లీ మగ్గం మీద ఒక పెద్దమనిషి నేస్తున్నారు. కాళ్ళతో తొక్కుతుంటే నాడె దానంతటదే అటూ ఇటూ దూకుతోంది. ఆ చప్పుడు మా వీధిదే, కాకపోతే ఇనుము గొంతు. ఈ దీవుల్లోవాళ్ళు తమ ఇళ్ళ దగ్గర చేత్తో నేసిన గుడ్డనే హారిస్ ట్వీడ్ అనాలని 1993లో ఏకంగా చట్టమే చేశారు. మన చేనేతకి ఇంత గట్టి కాపలా ఉంటే ఎంత బావుండేదో అని అక్కడ నిలబడ్డంతసేపూ అనిపించింది.

ఆయన ఒక ముక్క నా చేతిలో పెట్టారు. దూరం నుంచి బూడిద రంగు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూస్తే అందులో ఆకుపచ్చ, ఇటుక రంగు, ఊదా, అక్కడక్కడా పసుపు. ఒక్కో పోగులోనే అన్ని రంగులూ కలిసి ఉన్నాయి. మన దగ్గర నూలు వడికాక రంగు వేస్తారు. వీళ్ళు ఉన్నికే ముందు రంగులు వేసి, వాటిని కలిపి అప్పుడు వడుకుతారు. చాలాసేపు దాన్ని వదల్లేకపోయాను. తిరిగొచ్చేటప్పుడు స్టోర్నవేలో ఒక షాపులో అర మీటరు కొన్నాను.

ఇన్వర్నెస్‌ చేరి పిన్నికి చూపించాను. వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఉన్నేనా?" అంది. అవునన్నాను. "మరింకేం, ధావళి లాంటిదే. మడికి పనికొస్తుంది" అని అప్పటికప్పుడు సూదీ దారం తీసింది. లోపల అస్తరుకి తన పాత మంగళగిరి జాకెట్టు గుడ్డ వేసింది. మూతికి తాడు దూర్చింది. అచ్చం మా అమ్మమ్మ రొంటిన దోపుకునే సంచి. పంచెకీ జేబు లేదు, చీరకీ లేదు. డబ్బులూ వక్కలూ తాళంచెవులూ మనవాళ్ళు రొంటినే దాచుకున్నారు. ఆ సంచి చూశాక కిల్టు నాకు కొత్త బట్టలా అనిపించలేదు. మంచి కిల్టుకి ఎనిమిది గజాల గుడ్డ పడుతుందని చెబితే, "నా చీర కన్నా రెండు గజాలు ఎక్కువా!" అని పిన్ని ఎంతో మురిసిపోయింది.

సంచిని నూలు తాడుతో కిల్టు పట్టీల్లోంచి దూర్చి కుడి పక్కన, తుంటి మీదికి వచ్చేలా కట్టుకున్నాను. ముందువైపు ఖాళీగా ఉంటే తప్పుగా అనుకుంటారేమో అని కాస్త టెన్షన్ పడ్డాను. కిల్టు అద్దెకిచ్చిన పెద్దాయన్ని అడిగాను. డాన్సు చేసేటప్పుడు స్పారన్‌ని అందరూ తుంటి పక్కకే జరుపుకుంటారని, పక్కన కట్టుకోవడం కొత్తేమీ కాదని చెప్పారు. సంచిని చేతిలోకి తీసుకుని కుట్టు చూశారు. బావుందన్నారు.

పెళ్ళి నెస్ నది ఒడ్డున ఒక తోటలో జరిగింది. ఉంగరాలు మార్చుకున్నాక పిన్ని నా వైపు చూసింది. తాడు లాగి, పసుపుతాడుతో సహా తాళిబొట్టు తీసి తమ్ముడి చేతిలో పెట్టాను. నలభైమంది స్కాట్లాండ్ వాళ్ళు ఊపిరి బిగబట్టి చూశారు. మూడు ముళ్ళూ పడ్డాక పెళ్ళికూతురి నాయనమ్మ నా దగ్గరికొచ్చి, ఆ సంచి ఎక్కడ కొన్నారని అడిగింది. పిన్నిని చూపించాను. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు. సంచిని తిరగేసి, కుట్టు మీద వేలు పెట్టి చాలాసేపు మాట్లాడుకున్నారు.

రాత్రి స్ట్రిప్ ది విల్లో డాన్సులో కోట్లన్నీ కుర్చీల మీదికి చేరాయి. నా సంచి తుంటి మీదే ఉంది, ఖాళీగా. ఇంటికొచ్చాక విప్పి చూస్తే లోపలి గుడ్డకి పసుపు అంటుకుని ఉంది. ఉతకలేదు.