రెండడుగుల తొట్టె, బోరు నీళ్ళు, గప్పీలు: తొలి పన్నెండు వారాల నమోదు

2025 ఫిబ్రవరి 2, ఆదివారం. హైదరాబాదులోని మా ఫ్లాటు హాలులో చేపల తొట్టెను ఈ రోజు నిలబెట్టాను. పొడవు రెండడుగులు, వెడల్పు ఒక అడుగు, ఎత్తు ఒక అడుగు. అంచు దాకా నింపితే 54 లీటర్లు పడుతుంది గాని, పైన రెండంగుళాలు వదిలి, అడుగున గులకరాళ్ళు పోగా నిజంగా నిలిచే నీళ్ళు సుమారు 45 లీటర్లు. గాజు, రాళ్ళు, నీళ్ళు కలిపితే ఒక మనిషి బరువు ఉంటుంది కనుక పాత టీపాయ్ మీద పెట్టే ఆలోచన మానుకొని, గోడకు ఆనించిన గ్రానైటు అరుగు మీద, కింద థర్మాకోల్ షీటు పరిచి పెట్టాను. కిటికీకి దూరంగా ఉంచాను. నేరుగా ఎండ పడితే నాచు పట్టడమే కాక నీళ్ళు కూడా వేడెక్కుతాయి.

గులకరాళ్ళు ఐదు కిలోలు తెచ్చి, కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా తొమ్మిది సార్లు కడిగాను. ఫిల్టరుగా, గాలి పంపు ఊదే గాలితో తొట్టె నీళ్ళను స్పాంజి గుండా లాగే స్పాంజి ఫిల్టరును ఎంచుకున్నాను. గాలి పంపును నీటి మట్టం కంటే ఎత్తులో, గోడకు కొట్టిన చిన్న బల్ల మీద పెట్టాను. కింద పెడితే కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపులోకి దిగే ప్రమాదం ఉంది.

ఇక నీళ్ళ సంగతి. మా బోరు నీళ్ళ టీడీఎస్, అంటే కరిగిన లవణాల కొలత, మీటరులో 520 చూపింది; పీహెచ్, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత, 7.8 (7 దాటితే క్షారం). అంటే లవణాలు ఎక్కువున్న గట్టి నీళ్ళు. మొదట నియాన్ టెట్రాలను పెంచాలని మనసుపడ్డాను గాని, అవి అమెజాన్ ప్రాంతపు మెత్తని నీళ్ళకు అలవాటుపడిన చేపలు. వాటి కోసం ప్రతి వారం ఆర్‌ఓ నీళ్ళు కలిపి, మందులు పోసి, నీళ్ళ స్వభావాన్ని మార్చడం కంటే, ఉన్న నీళ్ళకు తగిన చేపను తెచ్చుకోవడమే మంచిదని నిర్ణయించుకున్నాను. గప్పీలు, మోలీలు అనే చిన్న చేపలు గట్టి నీళ్ళలో హాయిగా ఉంటాయి. బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదని అనుకుంటాం గాని, మా భవనం సంపులో మంజీరా నీళ్ళు (నగరానికి కుళాయిల్లో వచ్చేవి) కూడా కలుస్తాయి, అప్పుడప్పుడు బ్లీచింగ్ పౌడరు కూడా వేస్తారు. అందువల్ల యాంటీ క్లోరిన్ చుక్కలు వేయకుండా ఒక్క బకెట్టు కూడా తొట్టెలో పోయకూడదని నియమం పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 5. దుకాణంలో మూడు రోజులు ఫిల్టరు తిరిగితే చాలన్నారు. ఆ మాట నమ్మి ఆరు గప్పీలను తెచ్చాను, రెండు మగవి, నాలుగు ఆడవి. సంచిని ఇరవై నిమిషాలు నీటి మీద తేలనిచ్చి, కొద్దికొద్దిగా తొట్టె నీళ్ళు సంచిలో కలిపి, చేపలను వలతో ఎత్తి వదిలాను. సంచిలోని నీళ్ళను తొట్టెలో పోయలేదు.

ఫిబ్రవరి 9. నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లగా మారాయి. చేపలు పైకి వచ్చి నీటి అంచున నోళ్ళు తెరుస్తున్నాయి. మేత పడగానే పరుగెత్తి వచ్చేవి కాస్తా నిన్నటి నుంచి అటువైపు చూడడం లేదు.

ఫిబ్రవరి 10. పొద్దున్నే ఒక ఆడ చేప, సాయంత్రానికి ఒక మగ చేప చనిపోయాయి. ఆ రోజే పరీక్ష కిట్టు కొన్నాను. అమ్మోనియా పరీక్షలో పసుపు పచ్చగా ఉండవలసిన నీళ్ళు ముదురాకుపచ్చకు తిరిగి 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) చూపాయి, నైట్రైట్ సున్నా. చేపలు మొప్పల నుంచి అమ్మోనియాను వదులుతూనే ఉంటాయి, మిగిలిపోయిన మేత కుళ్ళినా అదే పుడుతుంది. పాత తొట్టెలోనైతే ఒక జాతి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరొక జాతి ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చేస్తాయి. కొత్త తొట్టెలో ఆ బ్యాక్టీరియా ఇంకా లేవు. స్పాంజి మీద, రాళ్ళ మీద అవి పొరగా పట్టడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పైగా మా నీళ్ళ పీహెచ్ ఎక్కువ. అమ్మోనియాలో చేపకు విషంగా పనిచేసే భాగం పీహెచ్ 7 దగ్గర ఉన్నదాని కంటే 7.8 దగ్గర సుమారు ఆరు రెట్లు ఉంటుంది. గట్టి నీళ్ళలో గప్పీలు బాగుంటాయన్నది నిజమే గాని, అవే నీళ్ళు అమ్మోనియాను మరింత ప్రమాదకరం చేస్తాయన్న సంగతి నేను ముందే తెలుసుకొని ఉండవలసింది. ఆ రెండు చేపలకు నేను బాధ్యుణ్ణి.

వెంటనే సగం నీళ్ళు మార్చాను. మేతను రోజు విడిచి రోజుకు తగ్గించాను.

ఫిబ్రవరి 12. మా పెదనాన్నగారి అబ్బాయికి మూడేళ్ళుగా నడుస్తున్న తొట్టె ఉంది. ఫోనులో అంతా చెప్పగానే, "తమ్ముడూ, చేపలను తరువాత పెంచుదువు గాని, ముందు ఫిల్టరును పెంచు" అని, తన ఫిల్టరులోని పాత స్పాంజిని సగం కోసి, తన తొట్టె నీళ్ళలోనే ముంచి డబ్బాలో తెచ్చి ఇచ్చాడు. దాన్ని ఆరనివ్వకుండా నా స్పాంజికి ఆనించి దారంతో కట్టాను. మురికిగా కనిపించే ఆ గోధుమరంగు ముక్కలోనే నాకు కావలసిన బ్యాక్టీరియా ఉన్నాయి. అయితే ఆరోగ్యంగా ఉన్న తొట్టె నుంచి మాత్రమే ఇలా తెచ్చుకోవాలి. జబ్బు చేపలున్న తొట్టె స్పాంజితో ఆ జబ్బు కూడా వస్తుంది.

ఫిబ్రవరి 13 నుంచి 22 దాకా రోజూ 30 శాతం నీళ్ళు, అంటే సుమారు 14 లీటర్లు మార్చాను. అమ్మోనియా మెల్లగా దిగి 18వ తేదీకి 0.5కు వచ్చింది, అదే రోజు నైట్రైట్ 1 పీపీఎం చూపింది. నైట్రైట్ మొప్పల ద్వారా నెత్తురులోకి వెళ్ళి, అది ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. నీళ్ళలో ఎంత గాలి ఉన్నా చేప రొప్పుతూనే ఉంటుంది. ఉప్పులోని క్లోరైడు ఆ నైట్రైట్ మొప్పల్లోకి దూరకుండా అడ్డుపడుతుంది. అయోడిన్ కలపని రాళ్ళ ఉప్పు 15 గ్రాములు మగ్గు నీళ్ళలో కరిగించి పోశాను, ఆ తరువాత నీళ్ళు మార్చిన ప్రతిసారీ తీసిన నీళ్ళ వంతుకు సరిపడే ఉప్పునే మళ్ళీ కలిపాను. గప్పీలు ఈ మాత్రం ఉప్పును సులభంగా తట్టుకుంటాయి. నాలుగు చేపలూ నిలిచాయి.

ఈ మధ్యలో గాజు మీద గోధుమరంగు పొడి లాంటి నాచు పట్టింది. కొత్త తొట్టెల్లో ఇది మామూలే. తుడిచేసి, లైటును రోజుకు ఆరు గంటలకు తగ్గించాను. మూడు వారాల్లో దానంతటదే పోయింది.

మార్చి 2. అమ్మోనియా సున్నా, నైట్రైట్ 0.25.

మార్చి 9. రెండూ సున్నా, నైట్రేట్ 20. తొట్టె పెట్టి సరిగ్గా ఐదు వారాలు. నైట్రేట్ పరీక్ష చేసేవారికి ఒక మాట: కిట్టులోని రెండో సీసాను గట్టిగా అర నిమిషం పైగా కుదపకపోతే అందులోని పొడి అడుగునే ఉండిపోయి, ఉన్నదాని కంటే తక్కువ చూపుతుంది. నాకు మొదటిసారి అలాగే 5 అని వచ్చింది.

మార్చి 16. మరో నాలుగు గప్పీలు తెచ్చాను గాని, ఈసారి తొట్టెలో వదలలేదు. ఇరవై లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో, పెద్ద తొట్టెలో రెండు వారాలు నానబెట్టిన చిన్న స్పాంజి ఫిల్టరుతో విడిగా ఉంచాను. మూడో రోజు ఒకదాని తోక మీద ఉప్పు పలుకుల్లాంటి తెల్ల చుక్కలు కనిపించాయి. దాన్నే తెల్ల మచ్చల జబ్బు అంటారు. చేప చర్మంలో దూరి ఉన్నంతసేపు ఆ పరాన్నజీవిని ఏ మందూ తాకదు. అది రాలి, అడుగున అతుక్కొని, పిల్లలుగా విడిపోయి మళ్ళీ చేపను వెతుక్కుంటూ ఈదే దశలోనే చస్తుంది. అందుకే చుక్కలు పోగానే వైద్యం ఆపకూడదు. టబ్బులో హీటరుతో వేడి 30 డిగ్రీలకు తెచ్చి, లీటరుకు 2 గ్రాముల చొప్పున ఉప్పును రెండు విడతలుగా కలిపాను. ఐదో రోజుకు చుక్కలు పోయాయి, వైద్యం మాత్రం పన్నెండు రోజులు సాగించాను. ఈ నాలుగింటినీ నేరుగా తొట్టెలో వదిలి ఉంటే ఐదు వారాల కష్టం ఏమై ఉండేదో తలచుకుంటేనే గుండె ఝల్లుమంటుంది.

మార్చి 23. జావా మాస్ అనే నీటి మొక్క గుబురులో పందొమ్మిది పిల్లలు! గప్పీ గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లలనే ఈనుతుంది. పెద్దవి వాటిని తినేస్తాయి కాబట్టి దాక్కోవడానికి మొక్కలు దట్టంగా ఉండాలి. మేతను వేళ్ళ మధ్య పిండిలా నలిపి, రోజుకు మూడుసార్లు చిటికెడులో సగం వేస్తున్నాను.

ఏప్రిల్ 13. ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం నీళ్ళు 32.5 డిగ్రీలు. నీళ్ళు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాములు పట్టేది 32 దగ్గర 7కు దిగుతుంది, సరిగ్గా అప్పుడే చేపకు దాని అవసరం పెరుగుతుంది. ఐసు ముక్కలు వేయమని కొందరు చెప్పారు. వేడి ఒక్కసారిగా పడిపోవడం చేపకు వేడి కంటే కీడు. గాజు మూత తీసి దోమల వల కప్పి, చిన్న టేబుల్ ఫ్యానును నీటి మీదుగా తిప్పాను. రెండున్నర డిగ్రీలు తగ్గింది. అయితే రోజుకు లీటరు దాకా ఆవిరైపోతోంది, ఆవిరయ్యేది నీరే తప్ప అందులోని లవణాలు కావు. మళ్ళీ బోరు నీళ్ళే పోస్తే గట్టితనం పెరుగుతూ పోతుంది కనుక ఆ లోటును మాత్రం ఆర్‌ఓ నీళ్ళతో నింపుతున్నాను.

ఏప్రిల్ 19. గాలివానకు కరెంటు మూడు గంటలు పోయింది. బ్యాటరీతో నడిచే గాలి పంపు ముందే కొని ఉంచడం వల్ల ఆపద తప్పింది. ఫిల్టరు ఆగితే చేపలకే కాదు, స్పాంజిలోని బ్యాక్టీరియాకు కూడా ఊపిరి ఆడదు.

ఏప్రిల్ 27. ఇప్పుడు వారం పని స్థిరపడింది. ఆదివారం పొద్దున సైఫన్ గొట్టంతో రాళ్ళ మధ్య మురికిని లాగుతూ 12 లీటర్లు తీస్తాను, రెండు వారాలకు ఒకసారి స్పాంజిని ఆ తీసిన నీళ్ళలోనే పిండుతాను, కుళాయి కింద ఎన్నడూ కడగను. తీసిన నీళ్ళు బాల్కనీలోని కరివేపాకు మొక్కకు పోతున్నాయి. పెద్ద చేపలకు రోజుకు ఒకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత మేత. ఈ రోజు లెక్క: అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20, వేడి 30 డిగ్రీలు.

పిల్లల్లో పదహారు మిగిలాయి. ఐదు వారాలు నిండడంతో ఏడింటికి తోకల్లో రంగు తేలుతోంది, కింది రెక్క సన్నగా మొనదేలుతోంది; అవి మగవి. ఇంకా ఆలస్యం చేస్తే ఆడపిల్లలు కూడా ఈనడం మొదలుపెడతాయి, 45 లీటర్లు ఎటూ చాలవు. ఎక్కువైనవాటిని చెరువులో వదలమని పక్కింటివారు సూచించారు. గప్పీ మన చెరువులది కాదు, అక్కడి చిన్న చేపల తిండికీ చోటుకూ పోటీ అవుతుంది కాబట్టి నేను వదలను. ఈ సాయంత్రం ఆ ఏడింటినీ వలతో తీసి, కడిగి సిద్ధం చేసిన టబ్బులోకి మార్చాను.