కీమో మందుకు తోడైన హార్మోను

మా అక్క కొడుకుకు ఏడేళ్ళ వయసులో లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉందని తేలినప్పుడు, వైద్యులు రాసిచ్చిన మందుల పట్టికలో విన్‌క్రిస్టీన్, ఆస్పరాజినేజ్ వంటి తెలియని పేర్ల మధ్య ప్రెడ్నిసొలోన్ కనిపించి ఆశ్చర్యపోయాను. ఉబ్బసానికి, కీళ్ళవాతానికి వాడే స్టెరాయిడ్ మాత్రకు ఇక్కడేం పని అని అడిగితే, "వాపు తగ్గడానికి కాదండీ, ఈ జబ్బును చంపే మందుల్లో అదీ ఒకటి" అన్నారు డాక్టరుగారు. ఆ మాట పట్టుకుని చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మూత్రపిండాల పైభాగాన ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసోల్ అనే హార్మోనును తయారుచేస్తాయి. ప్రెడ్నిసొలోన్ దాని పోలికతో ప్రయోగశాలలో చేసిన మందు. ఈ కోవకు చెందిన కార్టిసోన్ ఎలుకల్లో ఒక రకం కణితిని కుదించివేస్తోందని కెండాల్, హైల్మన్ అనే పరిశోధకులు 1944లోనే ప్రకటించారు. అడ్రినల్ హార్మోన్ల మీద చేసిన కృషికి 1950లో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో కెండాల్ ఒకరు.

ఈ హార్మోను కణంలోకి వెళ్ళి అక్కడ తనను పట్టుకునే ప్రొటీనుకు (గ్రాహకానికి) అతుక్కుని, కేంద్రకంలోకి చేరి, కొన్ని జన్యువుల పనిని పెంచి, మరికొన్నింటి పనిని తగ్గిస్తుంది. తెల్లరక్తకణాల్లో ఒక రకమైన లింఫోసైట్లలోనూ, వాటి నుంచి పుట్టిన క్యాన్సర్ కణాల్లోనూ ఈ మార్పు కణం తనంతట తానే చనిపోయేలా చేస్తుంది. బిళ్ళగన్నేరు మొక్క నుంచి తీసే విన్‌క్రిస్టీన్ మాత్రం విభజన జరుగుతున్న కణం లోపలి సన్నని నాళికలు ఏర్పడకుండా అడ్డుకుంటుంది. రెండింటి దెబ్బ రెండు వేరువేరు చోట్ల తగులుతుంది కనుక ఒకదాన్ని తట్టుకున్న కణం రెండోదానికి లొంగే అవకాశం ఉంటుంది. అంతకంటే నాకు ముఖ్యమనిపించినది మరొకటి: విన్‌క్రిస్టీన్ ప్రధానంగా నరాలను బాధిస్తుంది, స్టెరాయిడ్ బాధలు వేరు, రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జను ఈ రెండూ పెద్దగా దెబ్బతీయవు. అందువల్లనే రెండింటినీ పూర్తి మోతాదులో కలిపి ఇవ్వడం సాధ్యమైంది.

ఒంటరి మందు ఎంతవరకు పనిచేస్తుందో అంతకుముందే తేలింది. ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు. కానీ ఆ ఉపశమనం నెలల్లోనే చెదిరిపోయింది. విన్‌క్రిస్టీన్, ప్రెడ్నిసొలోన్ లాంటిదే అయిన ప్రెడ్నిసోన్ కలిపి ఇవ్వడం మొదలయ్యాక పదిమంది పిల్లల్లో ఎనిమిది మందికి పైగా జబ్బు ఆనవాళ్ళు కనిపించని స్థితికి, అంటే రెమిషన్‌లోకి రాగలిగారు. ఆ తరువాత మరిన్ని మందులు చేరి, నేడు మంచి వైద్యసదుపాయాలున్న చోట పదిమందిలో దాదాపు తొమ్మిది మంది బతుకుతున్నారు.

ఇది చదివి, సహజమైన హార్మోను ఏదైనా కీమోకు తోడైతే మేలే అనుకోకూడదు. విటమిన్ డి చురుకైన రూపమైన కాల్సిట్రయోల్ కూడా ఒక హార్మోనే. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో దాన్ని డొసెటాక్సెల్ అనే కీమో మందుతో కలిపి చేసిన మొదటి పరీక్ష ఆశ కలిగించింది. తరువాతి పెద్ద పరీక్షను మాత్రం, కాల్సిట్రయోల్ తీసుకున్నవారిలో మరణాలు ఎక్కువగా కనిపించడంతో, 2007లో మధ్యలోనే ఆపేయవలసి వచ్చింది. అందుకే మేలు చేస్తుందని ఎవరైనా నిద్రకు సంబంధించిన హార్మోను మెలటోనిన్ మాత్రలు తెచ్చి ఇచ్చినా, చికిత్స చేస్తున్న వైద్యుడికి చూపించకుండా వాడవద్దని గట్టిగా చెబుతాను.

మేలుచేసిన హార్మోను కూడా తేలికగా వదలదు. మావాడి ముఖం గుండ్రంగా ఉబ్బింది, అర్ధరాత్రి లేచి అన్నం అడిగేవాడు, కారణం లేకుండా ఏడ్చేవాడు. బయటి నుంచి హార్మోను అందుతున్నన్నాళ్ళూ సొంత అడ్రినల్ గ్రంథులు పని మందగిస్తాయి కాబట్టి మాత్రలను ఒక్కసారిగా ఆపకుండా మెల్లమెల్లగా తగ్గించారు. ఆపిన తరువాత కొన్ని వారాల వరకు జ్వరం వస్తే స్టెరాయిడ్ ఎప్పుడు ఆపారో వెంటనే చెప్పాలని, అవసరమైతే ఆ హార్మోనును మళ్ళీ ఇవ్వవలసి ఉంటుందని వైద్యులు హెచ్చరించారు. చివరి మాత్ర వేసిన తేదీని మా అక్క ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఆసుపత్రి ఫైలు అట్ట మీద అంటించింది.