స్క్రీన్ పాస్‌కి కార్నర్ ఏం చేయాలి: కాలేజీ ఫుట్‌బాల్‌లో నా అనుభవం

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కార్నర్‌బ్యాక్ (డిఫెన్స్‌లో మైదానం అంచున, పాస్ అందుకునే రిసీవర్‌ని కాసేవాడు; మేం కార్నర్ అంటాం) అనగానే చాలామందికి గుర్తొచ్చేది, పొడవాటి పాస్ వెంట పరిగెత్తి ఆఖరి క్షణంలో ఎగిరి బంతిని చెదరగొట్టేవాడు. ఆ మోజుతోనే నేనూ ఆ పొజిషన్‌కి వెళ్ళాను. టెక్సస్‌లో ఒక చిన్న డివిజన్ త్రీ (కాలేజీ ఆటలో మూడో అంచె) కాలేజీ టీమ్‌లో చేరాక అర్థమైంది, నా పనిలో పెద్ద భాగం అసలు ముందుకే రాని పాస్‌లతో అని. వాటినే స్క్రీన్‌లు అంటారు. పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్, బంతి చేతికి రాగానే స్క్రిమేజ్ గీత (ఆట మొదలయ్యేచోట రెండు జట్ల మధ్య గీత) వెనకే ఉన్న మనిషికి చటుక్కున విసిరేస్తాడు. ఆ మనిషి ముందు ఇద్దరో ముగ్గురో అడ్డం కాస్తూ దారి చేస్తారు. టీవీలో చూసేవాళ్ళకి ఇదీ ఒక పాసేనా అనిపిస్తుంది. ఎదురుగా నిలబడ్డవాడికి అలా అనిపించదు.

పదేళ్ళప్పుడు గుంటూరు నుంచి డాలస్ దగ్గర ఫ్రిస్కోకి వచ్చేశాం. హైస్కూల్లో ఆడి కాలేజీకి వెళ్ళేసరికి నా ఎత్తు అయిదడుగుల పది అంగుళాలు, బరువు 170 పౌండ్లు. డివిజన్ త్రీలో ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వరు. కాబట్టి నాన్న లెక్కలో ఇది ఎదురు ఫీజు కట్టి మరీ దెబ్బలు తినడం. అమ్మకి శనివారం వచ్చిందంటే టెన్షన్.

కాలేజీ ఆటలో స్క్రీన్‌లు ఇంతగా ఎందుకుంటాయో ముందు చెప్పాలి. ఒక కారణం మైదానం. వెడల్పు 160 అడుగులు. ప్రతిసారీ బంతి పెట్టేది హ్యాష్ మార్కులనే రెండు గుర్తుల వరసల మీద, లేదా వాటి మధ్య. కాలేజీలో ఆ రెండు వరసల మధ్య దూరం 40 అడుగులు, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అయితే 18న్నర అడుగులే. అంటే కాలేజీలో బంతి ఒక హ్యాష్ మీద పెట్టినప్పుడు ఒక పక్క 60 అడుగులు, రెండో పక్క 100 అడుగులు ఉంటుంది. ఆ 100 అడుగుల పక్క నిలబడే కార్నర్‌కి, లోపల ఉన్న తనవాళ్ళకి మధ్య బోలెడంత ఖాళీ. రెండో కారణం రూలు. కాలేజీలో పాస్ గీత దాటకపోతే, బంతి ఇంకా గాల్లో ఉండగానే రిసీవర్లు ముందుకొచ్చి డిఫెండర్లని అడ్డుకోవచ్చు, గీత మీద నిలబడే భారీ లైన్‌మెన్ కూడా ఎంత దూరమైనా రావచ్చు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో గీతకి గజం అవతల ఆ పని చేస్తే ఫౌల్. పైగా మాది టెక్సస్. కోచ్ మైక్ లీచ్ 2000 నుంచి 2009 దాకా టెక్సస్ టెక్ యూనివర్సిటీలో ఎయిర్ రెయిడ్ అనే, ఎక్కువగా పాస్‌ల మీదే నడిచే ఆట ఆడించిన రాష్ట్రం. ఇక్కడ స్కూలు పిల్లలకే బబుల్ స్క్రీన్ ఎలా వేయాలో తెలుసు.

మొదటి సీజన్ నన్ను స్కౌట్ టీమ్‌లో వేశారు. వచ్చే శనివారం ఎదురయ్యే టీమ్ ఎలా ఆడుతుందో అలాగే ఆడి, మా అసలు టీమ్‌కి ప్రాక్టీస్ ఇవ్వడం స్కౌట్ టీమ్ పని. అక్కడ రిసీవర్లు తక్కువై నన్ను రిసీవర్‌గా నిలబెట్టేవాళ్ళు. బంతి నాకు వచ్చేది కాదు. బబుల్ స్క్రీన్‌లో బంతి లోపలున్న స్లాట్ రిసీవర్‌కి వెళ్తుంది, బయటి రిసీవర్ కార్నర్‌ని అడ్డుకోవాలి. కాబట్టి రోజూ మా సీనియర్ కార్నర్‌ని అడ్డుకోవడమే నా పని.

నాకు దొరికిన మంచి పాఠం అదే. ఆ సీనియర్ ఏం జరుగుతోందో చూద్దామని రెండు క్షణాలు నిలబడ్డ రోజున నా పని హాయిగా ఉండేది. రెండు చేతులూ అతని షోల్డర్ ప్యాడ్ల లోపలి అంచున, ఛాతీ మీద ఆనించి, అడుగులు చిన్నవి చేసుకుంటే చాలు, ఎటు కదిలినా వెంట ఉండేవాణ్ణి. అదే అతను మొదటి రెండు అడుగుల్లోనే నా మీదికి వచ్చి, నాకంటే ముందు తన అరచేతులు నా ఛాతీకి తగిలించాడా, నా మోచేతులు మడతపడేవి. వెనక్కి నెట్టుకుపోయి మా బంతి ఉన్నవాడి దారిలోనే పడేసేవాడు. అడ్డుకునేవాడికి కావలసింది టైమూ, మధ్యలో కాస్త ఖాళీ. ఆ రెండూ ఇవ్వకూడదని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, నా మోచేతులు చెప్పాయి.

తర్వాతి ఏడాది కార్నర్‌గా దిగాక మా కోచ్ అదే సంగతి తన పద్ధతిలో నూరిపోశాడు. సైడ్‌లైన్ వైపు వరసగా కోన్‌లు పెట్టేవాడు. ఒకడు నన్ను అడ్డుకుంటాడు, ఇంకొకడు బంతి పట్టుకుని పరిగెత్తుతాడు. వాణ్ణి నేను పట్టుకున్నానా లేదా అన్నది కోచ్ చూసేవాడే కాదు. వాడు కోన్‌ల వైపు నుంచి పోతే మాత్రం మళ్ళీ మొదటినుంచి. నేను డిఫెన్స్‌కి కుడి పక్క ఆడతాను, సైడ్‌లైన్ నా కుడి చేతి వైపు. ఎడమ చెయ్యి, ఎడమ భుజం అడ్డుకునేవాడికి ఇవ్వాలి. కుడి చెయ్యి ఖాళీగా ఉండాలి. బంతి ఉన్నవాడు బయటికి వస్తే ఆ కుడి చేతికి దొరుకుతాడు. లోపలికి తిరిగితే అక్కడ నికెల్ (స్లాట్ రిసీవర్ ఎదురుగా ఉండే అదనపు డిఫెండర్) ఉన్నాడు, వెనక కాసే సేఫ్టీ ఉన్నాడు, మధ్యలో కాసే లైన్‌బ్యాకర్లు పరిగెత్తుకొస్తున్నారు.

కుర్రాళ్ళందరికీ ఉండే కోరిక ఒకటుంది: అడ్డుకునేవాడి లోపలి వైపు నుంచి చటుక్కున దూరి, గీత వెనకే పట్టేసుకోవడం. జరిగితే స్టేడియం లేచి నిలబడుతుంది. లోపలికి వెళ్తే వెళ్ళు, కానీ టాకిల్ (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయడం) నువ్వే చెయ్యాలి అనే కోచ్‌లూ ఉన్నారు. నాకు ఆ బేరం నచ్చదు. దొరికిన ఒక్కసారి వీడియో నలుగురికీ పంచుకుంటారు. దొరకని మూడుసార్లూ సైడ్‌లైన్ వెంట ఎవరూ లేని దారిలో వాడు పరిగెత్తుకుపోయింది సోమవారం ఫిల్మ్ రూమ్‌లో మాత్రమే కనబడుతుంది. ఒకసారి నా ల్యాప్‌టాప్‌లో అలాంటి ఫిల్మ్ చూస్తూ నాన్న అన్నాడు, "కబడ్డీలోనూ అంతే కదరా. కార్నర్ ఒక్కడే ముందుకు దూకితే రైడర్ ఆ సందులోంచే పోతాడు. పక్కవాడు వచ్చేదాకా ఆగాలి." గుంటూరులో కాలేజీ జట్టుకి ఆడిన మనిషి. మూడేళ్ళు నా ఆట అర్థం కాలేదన్నవాడు ఆ ఒక్క మాటతో మా కోచ్ చెప్పేదంతా చెప్పేశాడు.

టనల్ స్క్రీన్ వేరే కథ. అందులో బయటి రిసీవర్ ఒకడుగు ముందుకేసి మళ్ళీ బంతి వైపు, లోపలికి వస్తాడు. స్లాట్ రిసీవర్ నన్ను బయటికి తోసేయడానికి వస్తాడు. గార్డు, టాకిల్ అనే లైన్‌మెన్ పరిగెత్తుకుంటూ ముందుకొస్తారు. ఇక్కడ సైడ్‌లైన్ కాపాడుతున్నానని అక్కడే నిలబడిపోతే వాళ్ళకి కావలసిన తలుపు మనమే తీసిపెట్టినట్టు. స్లాట్‌ని ఎడమ భుజంతో ఢీకొని, అతన్నే ఆ సందులోకి నెట్టాలి. బయటి వైపు వదలకుండా లోపలికి ఇరుకు చేయడం అన్నమాట. 300 పౌండ్ల లైన్‌మన్ మీదికి వస్తుంటే భయం వేయదా అని అడుగుతారు. వేస్తుంది. అయితే 2022 నుంచి కాలేజీలో టాకిల్ బాక్స్ (లైన్‌మెన్ నిలబడే మధ్య భాగం) బయట నడుము కిందికి బ్లాక్ చేయకూడదు. అంటే ఆ పెద్దమనిషి నా మోకాళ్ళ మీద పడలేడు, నిలువుగానే రావాలి. ఖాళీలో నిలువుగా వచ్చే పెద్ద మనిషిని తప్పించుకోవడం మాలాంటి చిన్నవాళ్ళకి అంత కష్టం కాదు, రెండడుగులు ముందే నిర్ణయం తీసుకుంటే.

ఏ కవరేజ్‌లో (ఎవరు ఎక్కడ కాయాలన్న పథకంలో) ఉన్నామన్నది బట్టి కూడా పని మారుతుంది. కవర్ టూలో గీతకి దగ్గరగా బయటి వైపు ఉండే చోటు, అంటే ఫ్లాట్, నాది, కాబట్టి స్క్రీన్ కనబడగానే బయటి దారి మూయడం నా బాధ్యత. కవర్ త్రీలో వెనక మైదానంలో నా వైపు మూడో వంతు నాది. బయటి దారి మూసేది మామూలుగా నికెల్, నేను ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు, వెనక తెరిచిపెట్టకూడదు. ఒక్కొక్కరం ఒక్కో మనిషిని కాసే మ్యాన్‌లో అయితే నా ఎదుటివాడు నిజంగా అడ్డుకోవడానికే వస్తున్నాడని తేల్చుకున్నాకే ముందుకు. ఇవన్నీ కాగితం మీద సుబ్బరంగా ఉంటాయి. మైదానంలో స్నాప్‌కి (బంతి ఆటలోకి వచ్చే క్షణానికి) ముందు నికెల్, నేను ఒక్కసారి కళ్ళు కలిపి ఎవరు బయట, ఎవరు లోపల అని చేత్తో చూపించుకోకపోతే ఇద్దరం ఒకే దారి మూస్తాం.

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం దొంగ స్క్రీన్. బబుల్ అన్నట్టే మొదలుపెడతారు. క్వార్టర్‌బ్యాక్ భుజం ఎగరేసి విసిరినట్టు నటిస్తాడు. నా ఎదుటి రిసీవర్ అడ్డుకోవడానికి వస్తున్నట్టే వచ్చి, నేను ముందుకు ఉరకగానే నా పక్కనుంచి జారి వెనక్కి పోతాడు. అక్కడ ఎవరూ ఉండరు. స్క్రీన్ మీద ఉరుకుతాడని పేరు పడ్డ కార్నర్ మీదే ఇది వేస్తారు. అంటే ఒక పని బాగా చేసినందుకు వచ్చే బహుమతి ఇది.

దీనికి మందు మళ్ళీ స్కౌట్ టీమ్ రోజుల్లోనే దొరికింది. నిజంగా అడ్డుకోవాలంటే నేను ఏం చేసేవాణ్ణి? దగ్గరికి రాగానే అడుగులు పొట్టివి చేసి, తుంటి కిందికి దించి, కళ్ళు అతని ఛాతీ మీద పెట్టేవాణ్ణి. అలా చేయకుండా అడ్డుకోలేం, పక్కకి జారిపోతాడు. నటించేవాడికి వేగం కావాలి కాబట్టి అడుగు పొట్టి చేయడు. వాడి కళ్ళు నా ఛాతీ మీద కాదు, నా భుజం పక్కనున్న ఖాళీ మీద ఉంటాయి. ఫిల్మ్‌లో ధ్వని ఆపేసి, రిసీవర్ నడుము నుంచి కాళ్ళ దాకా మాత్రమే చూస్తూ గంటలు గడిపాను. వెనక మైదానం నాదైన కవరేజ్‌లో ఇంకో జాగ్రత్త: బంతి క్వార్టర్‌బ్యాక్ చెయ్యి వదిలేదాకా ముందుకు కదలను. దానివల్ల రెండు గజాలు వాళ్ళకి ఎక్కువ పోతే పోనీ.

ఇదంతా ఒకే మ్యాచ్‌లో పరీక్షకి వచ్చింది. మూడో డౌన్ (వాళ్ళకున్న నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఇంకా ఆరు గజాలు కావాలి, వెడల్పు పక్క నేనూ, నికెల్. కవర్ టూ. స్లాట్ రిసీవర్ బబుల్ ఉన్నప్పుడు బయటి కాలు కొంచెం వెనక్కి పెడతాడని ఫిల్మ్‌లో పట్టుకున్నాం. అలాగే పెట్టాడు. నికెల్ "బబుల్, బబుల్" అని అరిచాడు. స్నాప్. నా ఎదుటివాడు వచ్చాడు, అడుగులు పొట్టివయ్యాయి, కళ్ళు నా ఛాతీ మీదికి వచ్చాయి. ఇక ఆగలేదు. నా అరచేతులే ముందు తగిలాయి, అతని గ్లవ్స్ నా జెర్సీ భుజం దగ్గర పట్టు కోసం వెతుక్కుంటున్నాయి. కుడి చెయ్యి ఖాళీ. బంతి అందుకున్నవాడు బయటికి చూసి, అక్కడ మేమిద్దరం అడ్డంగా ఉండటంతో లోపలికి తిరిగాడు. నికెల్ తొడలు పట్టి పడేశాడు. రెండే గజాలు. పంట్, అంటే బంతిని తన్ని మాకు వదిలేశారు.

మైక్‌లో నికెల్ పేరు చెప్పారు. ఆన్‌లైన్‌లో చూస్తున్న అమ్మ రాత్రి ఫోన్ చేసి, "నీ పేరు ఒక్కసారీ చెప్పలేదేంట్రా, అసలు ఆడావా?" అంది. కోచ్ గ్రేడింగ్ షీట్‌లో ఆ ప్లేకి నాకు ప్లస్ పడింది. అది అమ్మకి వివరించడం స్క్రీన్ ఆపడం కంటే కష్టం.

రెండో సగంలో, అనుకున్నట్టే, దొంగ స్క్రీన్ వేశారు. ఈసారి కవర్ త్రీ. స్లాట్ అదే కాలు వెనక్కి పెట్టాడు, నికెల్ అదే అరుపు అరిచాడు, క్వార్టర్‌బ్యాక్ భుజం ఎగరేశాడు. నా ఎదుటివాడి అడుగు మాత్రం పొట్టి కాలేదు. నేను వెనక్కే తిరిగి వాడితోపాటు పరిగెత్తాను. బంతి మా ఇద్దరి మీదుగా వెళ్ళి గీత బయట పడింది.

కొత్తగా వచ్చే కార్నర్లకి ఇప్పుడు నేను చెప్పేదాంట్లో ఇంకొకటి ఉంటుంది. బబుల్ పాస్ చాలాసార్లు కొంచెం వెనక్కి పడుతుంది. వెనక్కి వేసిన బంతి నేల మీద పడితే ఆట ఆగదు, అది ఎవరు పట్టుకుంటే వాళ్ళది, డిఫెన్స్ తీసుకుని పరిగెత్తవచ్చు కూడా. అందరూ పాస్ అందలేదనుకుని నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడే క్షణం అది. ముందుకేశాడా, వెనక్కేశాడా అని లెక్కలు వేయొద్దు, వెళ్ళి బంతి తీసుకో. తప్పైతే రిఫరీ విజిల్ వేస్తాడు, తిరిగి ఇచ్చేద్దాం. ఒప్పైతే ఆ ఒక్కసారైనా మైక్‌లో నీ పేరు చెప్తారు.