షెర్మన్ దారిలో పిస్టల్ రేంజికి: పద్దెనిమిదికీ ఇరవై ఒకటికీ మధ్య

లేబర్ డే వెళ్ళిన తర్వాతి శనివారం ఉదయం ఎనిమిదికి డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో బయల్దేరాం. యూఎస్ 75 హైవే ఎక్కాక ప్లేనో, అలెన్, మెకిన్నీ దాటితే గానీ రద్దీ తగ్గలేదు. వ్యాన్ ఆల్‌స్టీన్ దగ్గర కాఫీకి ఆగి, షెర్మన్ చేరేసరికి తొమ్మిదిన్నర అయింది. అక్కడికి దగ్గర్లోనే నాలుగు గోడల మధ్య కట్టిన పిస్టల్ రేంజి, అంటే గురి చూసి కాల్చే చోటు ఉంది. సెప్టెంబరులో టెక్సస్ ఎండకి బయట రేంజికి పిల్లల్ని తీసుకెళ్ళడం మాకు ఇష్టం లేదు. చెమట పట్టిన చేతిలో పిస్టల్ జారుతుంది.

కారులో మేమిద్దరం, ఇక్కడే పుట్టిన మా అమ్మాయి, డెంటన్‌లో ఎంఎస్ చదువుతున్న మా అక్క కొడుకు, హ్యూస్టన్ నుంచి సెలవులకి వచ్చిన మా మరిది కొడుకు. వయసులు వరసగా 19, 22, 17. మా ఆయనా నేనూ రేంజి సేఫ్టీ ఆఫీసర్ కోర్సు చేసినవాళ్ళమే అయినా, వారం ముందే ఫోన్ చేసి ముగ్గురి వయసులూ చెప్పి నిబంధనలు అడిగాం. ఒక రేంజిలో నడిచింది పక్క రేంజిలో నడవదు.

దారిపొడుగునా పిల్లల ప్రశ్న ఒక్కటే. 18 దాటితే పెద్దవాళ్ళే కదా, మళ్ళీ ఈ 21 ఎందుకు?

ఫెడరల్ చట్టంలో 21 అనేది అమ్మకానికి పెట్టిన హద్దు. 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం ప్రకారం లైసెన్సున్న డీలరు రైఫిల్, షాట్‌గన్ 18 నిండినవారికి అమ్మవచ్చు. పిస్టల్, రివాల్వర్ మాత్రం 21 నిండితేనే. పిస్టల్ తూటాలకీ అదే హద్దు. 18 నుంచి 20 ఏళ్ళ వాళ్ళు రేంజిలో పిస్టల్ పట్టుకుని కాల్చడాన్ని ఆ చట్టం ఆపదు. 18 లోపువాళ్ళకి 1994లో వేరే నిబంధన వచ్చింది. పిస్టల్ పట్టుకోకూడదన్నది మూల సూత్రం. గురి సాధన లాంటి కొన్ని పనులకి తల్లో తండ్రో ముందే రాసిచ్చిన అనుమతి కాగితం ఉంటే, అది ఆ పిల్లల దగ్గరే ఉంటే సడలింపు.

ఆ 21 హద్దు మీద కోర్టుల్లో ఇంకా వాదం నడుస్తోంది. టెక్సస్, లూసియానా, మిసిసిపీలకి చెందిన ఐదో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2025 జనవరిలో ఆ అమ్మకపు నిషేధం రాజ్యాంగానికి విరుద్ధమంది. అదే ఏడాది జూన్‌లో వేరే రాష్ట్రాలకి చెందిన నాలుగో సర్క్యూట్ అప్పీలు కోర్టు నిషేధం సబబే అంది. వార్త చదివి "ఇక టెక్సస్‌లో 18కే పిస్టల్ కొనుక్కోవచ్చు" అనుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళకండి. ఆ తీర్పు ఎవరికి, ఎంతవరకు వర్తిస్తుందో డీలరునే అడగాలి. తీర్పు ఏదైనా, రేంజి తన గుమ్మం మీద రాసుకున్న నిబంధనని అది మార్చదు.

మేం వెళ్ళిన చోట గోడ మీద ఇలా ఉంది: 21 నిండినవారు పిస్టల్ అద్దెకు తీసుకోవచ్చు. 18 నుంచి 20 వారు 21 దాటిన పెద్దవాళ్ళు అదే లేన్‌లో పక్కన ఉంటేనే. 18 లోపువారు తల్లి, తండ్రి లేదా చట్టబద్ధమైన సంరక్షకులు స్వయంగా వస్తేనే. రైఫిల్‌కైతే 18 నిండితే ఒంటరిగానూ సరే. పిల్లలకి ఇది వింతగా తోస్తుంది గానీ మాకు సబబుగానే అనిపిస్తుంది. రైఫిల్ బ్యారెల్ (గొట్టం) పొడవు, రెండు చేతులూ భుజమూ దాన్ని ముందుకే పట్టి ఉంచుతాయి. గ్లాక్ 17 పిస్టల్ బ్యారెల్ నాలుగున్నర అంగుళాలే. "ఎలా ఉంది?" అని ఉత్సాహంగా వెనక్కి తిరిగితే మణికట్టుతో పాటు అదీ తిరుగుతుంది. రేంజిలో మేం ఎక్కువగా భయపడేది ఆ ఒక్క తిరుగుడుకే.

మొదట ఆగిపోయింది పదిహేడేళ్ళవాడు. వాళ్ళ నాన్న ముందురోజే అనుమతి పత్రం సంతకం చేసి మెయిల్‌లో పంపారు, దాన్ని ప్రింటు తీసి జేబులో పెట్టుకున్నాడు కూడా. ఫెడరల్ నిబంధనకి ఆ కాగితం కావాలి. రేంజి నిబంధనకి మనిషి కావాలి. "మా అబ్బాయే" అనడం మన ఇళ్ళలో అలవాటు, అందులో అబద్ధమూ లేదు. కానీ కౌంటరు దగ్గర పిన్ని సంతకం చెల్లదు, పెద్దనాన్న సంతకం చెల్లదు. సంరక్షకులు అంటే కోర్టు కాగితం ఉన్నవాళ్ళని అర్థం. వేసవిలో అన్నదమ్ముల పిల్లలందర్నీ ఒకే వ్యానులో వేసుకుని రేంజికి వచ్చే తెలుగు కుటుంబాలు సరిగ్గా ఇక్కడే వెనక్కి మళ్ళుతుంటాయి. వాడు అద్దం వెనక గదిలో కూర్చుని చూశాడు.

అసలు చిక్కు ఇరవై రెండేళ్ళవాడిది.

"పిన్నీ, అందరిలో పెద్దవాణ్ణి నేనే కదా, నాకెందుకు కాగితాలు?" అన్నాడు.

వాడు ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నాడు. వలసేతర వీసా మీద దేశంలోకి వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. ఎఫ్-1, దాని మీదే ఓపీటీ అనే పని అనుమతిలో ఉన్నవాళ్ళు, హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, పిల్లల్ని చూడటానికి బీ-2 మీద వచ్చిన అమ్మానాన్నలు, అందరూ ఇందులోకే వస్తారు. రేంజిలో పది నిమిషాలు పట్టుకున్నా పట్టుకున్నట్టే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి ఈ నిషేధం లేదు. వీసా వాళ్ళకి ఎక్కువగా అక్కరకొచ్చే మినహాయింపు వేట లైసెన్సు. అమెరికాలో ఏ రాష్ట్రం ఇచ్చినదైనా గడువు దాటని వేట లైసెన్సు చేతిలో ఉంటే నిషేధం వర్తించదు. కాల్చే రాష్ట్రమూ లైసెన్సిచ్చిన రాష్ట్రమూ ఒకటే కానక్కర్లేదు.

ఇక్కడ జరిగే పొరపాట్లు మాకు కంఠతా వచ్చు. చేపల లైసెన్సు తీసుకుని వస్తారు, అది పనికిరాదు, వేటదే కావాలి. రెండోది గడువు. టెక్సస్‌లో లైసెన్సు ఏడాది సెప్టెంబరు 1న మొదలై ఆగస్టు 31తో ముగుస్తుంది. మార్చిలో కొన్నా జూలైలో కొన్నా ఆ ఆగస్టుతో సరి. మావాడు వసంతకాలంలో కొన్నాడు, "ఇంకా ఆరు నెలలేగా అయింది" అనుకున్నాడు. పార్కింగ్‌లో తీసి చూస్తే గడువు దాటి వారమైంది. కొత్త ఏడాది లైసెన్సులు ఆగస్టు 15 నుంచే అమ్ముతారు. ఫోన్‌లోనే టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ సైటు తెరిచి కొత్తది తీసుకున్నాడు. రాష్ట్రంలో వరసగా ఆరు నెలలకు పైగా ఉన్నవాళ్ళకి నివాసి ధర, 25 డాలర్లు. అందుకు చిరునామా రుజువు కావాలి. కొత్తగా దిగినవాళ్ళు బయటివారి ధర కట్టాలి.

లోపలికి వెళ్ళే ముందు నింపే అంగీకార పత్రంలో "చట్టరీత్యా తుపాకీ పట్టుకోకూడని వారిలో మీరు ఉన్నారా" అనే ప్రశ్న ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండా గబగబా టిక్కు పెట్టేస్తారు. చాలా రేంజిలు వీసా గురించి నోటితో అడగవు. అడగలేదు కాబట్టి తప్పు లేదనుకోవద్దు. వీసా వాళ్ళకున్న ఆ నిషేధాన్ని మీరితే పడే శిక్ష 2022 సవరణ తర్వాత 15 ఏళ్ళ జైలు దాకా పెరిగింది. తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించెయ్యడానికి అదే కారణం చాలు. తెలిసి చేతికిచ్చిన బంధువూ చిక్కుల్లో పడతాడు. అందుకే కాగితం సిద్ధమయ్యేదాకా వాణ్ణి తూటాల డబ్బా కూడా ముట్టుకోనివ్వలేదు.

తూటాల దగ్గర మా అమ్మాయి వంతు వచ్చింది. 9 ఎంఎం, 50 తూటాల డబ్బా చేతిలోకి తీసుకుంది. కౌంటరు అతను మర్యాదగా వెనక్కి తీసుకున్నాడు. 19 ఏళ్ళకి పిస్టల్ కోసమని ఆ డబ్బా అమ్మకూడదు. అదే తూటా 9 ఎంఎం రైఫిల్ కోసమైతే 18కి అమ్మవచ్చు, .22 అనే చిన్న తూటా కూడా అంతే. డబ్బా మేం కొన్నాం, కాల్చింది తను. అది తప్పు కాదు. తప్పయ్యేది వేరే ఉంది: పిల్లలు డబ్బులిచ్చి, పెద్దవాళ్ళు తమ పేరు మీద పిస్టల్ కొని వాళ్ళ చేతికివ్వడం. అది ఫెడరల్ నేరం.

ఇంకొక నిబంధన కూడా ఆ గోడ మీద చూశాం. ఒంటరిగా వచ్చిన కొత్తవాళ్ళకి తుపాకీ అద్దెకివ్వరు, కనీసం ఇద్దరుండాలి. ఆత్మహత్యలు చూసిన అనుభవంతో రేంజిలు పెట్టుకున్న పద్ధతి ఇది. ఇంటికి దూరంగా, ఒత్తిడిలో చదువుకునే మన పిల్లల్ని తలుచుకుంటే ఆ ఒక్క వాక్యానికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

లోపలికి వెళ్ళేముందు చెవిలో దూది లాంటి ప్లగ్గులు, పైన ఇయర్‌మఫ్‌లు, రెండూ పెట్టించాం. గోడల మధ్య 9 ఎంఎం మోత దాదాపు 160 డెసిబెల్స్, ఒక్కటి చాలదు. కళ్ళద్దాలు, కాళ్ళు మూసే బూట్లు, మెడ దాకా ఉన్న చొక్కా. ఈ చొక్కా సంగతి తేలిగ్గా తీసుకుంటారు. కాల్చిన తూటా ఖాళీ తొడుగు వేడివేడిగా ఎగిరొచ్చి మెడ దగ్గర జారి లోపల పడితే, కొత్తవాళ్ళు గెంతుతారు, చేతిలో పిస్టల్ ఎటు తిరిగిందో వాళ్ళకే తెలియదు. పడినా పిస్టల్ ముందుకే పెట్టి, వేలు ట్రిగ్గరు మీంచి తీసి, బల్ల మీద దించాకే దులుపుకోవాలని ముందే రెండుసార్లు చెప్పించాం.

మొదట .22 తూటా కాల్చే రూగర్ మార్క్ 4 పిస్టల్. తూటాలు నింపే మ్యాగజైన్ తీసెయ్యడం, తూటాని వెనక నుంచి పట్టే బోల్టు వెనక్కి లాగి నిలపడం, తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీయో కాదో కంటితో చూసి చిటికెన వేలితో తడిమి చూడటం, ఇవి ఖాళీ తుపాకీతో పదేసిసార్లు. తర్వాత మ్యాగజైన్‌లో ఒకే ఒక్క తూటా. పది నింపి ఇస్తే, మొదటి దెబ్బకి పిస్టల్ పైకి లేచినప్పుడు కంగారులో వేలు ట్రిగ్గరుని మళ్ళీ నొక్కేసి రెండోది పేలవచ్చు. ఒక్కటి, తర్వాత రెండు, తర్వాత ఐదు. లక్ష్యం ఐదు గజాల్లో, కుదిరాక ఏడుకి.

.22లో అప్పుడప్పుడు తూటా పేలదు. దాని మందు అంచు చుట్టూ పూసి ఉంటుంది, ఒకచోట పలచబడితే తుపాకీ లోపలి పిన్ను తగిలినా అంటుకోదు. మా అమ్మాయికి నాలుగో తూటా అలాగే అయింది. వెంటనే బోల్టు లాగబోయింది, ఆపాం. ముందుకే పట్టుకుని ముప్ఫై అంకెలు లెక్కపెట్టాలి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. ఆ తర్వాతే తీసి పక్కనున్న డబ్బాలో వెయ్యాలి. దీనికన్నా ప్రమాదం, మామూలు మోత బదులు "టుప్" మని వినిపించడం. అలా వినిపిస్తే ఇంకొకటి కాల్చకూడదు. గుండు బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉండవచ్చు, తర్వాతిది దానికి గుద్దుకుంటే బ్యారెల్ చీలుతుంది.

9 ఎంఎం గ్లాక్ ఎత్తాక మావాడి గుళ్ళన్నీ లక్ష్యానికి కింద ఎడమవైపు పడ్డాయి. కుడిచేతి వాటం కొత్తవాళ్ళకి ఇది మామూలే: మోతని ముందే ఊహించి మణికట్టు కిందికి నొక్కేస్తారు. మ్యాగజైన్‌లో వాడికి తెలియకుండా ఒక ఉత్తుత్తి తూటా కలిపి ఇచ్చాం. అది వచ్చినప్పుడు మోత లేదు గానీ పిస్టల్ మూతి మాత్రం అంగుళం కిందికి వాలింది. చెప్పక్కర్లేకుండా వాడికే అర్థమైంది. మా అమ్మాయిది ఇంకో ఇబ్బంది, మణికట్టు సడలించడంతో పిస్టల్ పైన కదిలే స్లైడు పూర్తిగా వెనక్కి రాక ఖాళీ తొడుగు పొగగొట్టంలా నిలబడి ఇరుక్కుంది. మ్యాగజైన్ అడుగున ఒక దెబ్బ, స్లైడు గట్టిగా వెనక్కి, మళ్ళీ సిద్ధం. ఎడమ బొటనవేలు స్లైడుకి వెనకవైపు చేరకుండా చూసుకోవాలి, చేరితే చర్మం చీరుకుపోతుంది.

వెలుపల కూర్చున్న చిన్నవాడికి అద్దం వెనకే హైదరాబాద్ సంగతి చెప్పాను. మన ఆయుధాల చట్టం 1959 తొమ్మిదో సెక్షను ప్రకారం 21 నిండనివాళ్ళు తుపాకీ సంపాదించకూడదు, ఉంచుకోకూడదు. కానీ అదే సెక్షను శిక్షణలో ఉన్న చిన్నవాళ్ళకి షరతుల మీద దారి వదిలింది. 0.177 అంగుళాల ఎయిర్ పిస్టల్‌కి లైసెన్సు బాధ కూడా లేదు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్ళకే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో మను భాకర్, హీనా సిద్ధూల్ని దాటి జాతీయ చాంపియన్ అయింది. హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణం గెలిచేనాటికి ఆమెకి 18. వాడి కళ్ళు అప్పుడు వెలిగాయి. హ్యూస్టన్‌లో జూనియర్ల ఎయిర్ పిస్టల్ క్లబ్బు ఎక్కడుందో వెతకమని వాళ్ళ నాన్నకి అక్కడి నుంచే మెసేజ్ పెట్టాం.

బయటికొచ్చాక ముగ్గురిచేతా చల్లటి నీళ్ళతో, సబ్బుతో మోచేతుల దాకా కడిగించాం. సీసం ధూళి చేతికంటి, ఆ చేత్తో పులిహోర తింటే నేరుగా కడుపులోకి పోతుంది. గర్భిణులు గోడల మధ్య రేంజికి రాకపోవడమే మంచిది.

ఆఖరి పని పార్కింగ్‌లో. మావాడు గుర్తుగా నాలుగు ఖాళీ తొడుగులు జేబులో వేసుకున్నాడు, అవన్నీ తీయించాం. ఫెడరల్ చట్టం రాసుకున్న నిర్వచనంలో తూటా అంటే తొడుగు కూడా, లైసెన్సు గడువు తీరిన రోజు నుంచి అది కూడా తలనొప్పే. తర్వాత వాడి వీపు సంచి కారు బానెట్ మీద బోర్లించాం. డిసెంబరులో అదే సంచితో హైదరాబాద్ వెళ్తున్నాడు. అమెరికా నుంచి వచ్చిన సంచిలో ఎక్కడో ఉండిపోయిన ఒక్క తూటా శంషాబాద్ తనిఖీలో దొరికి ఆయుధాల చట్టం కింద కేసులైన వార్తలు చూస్తూనే ఉన్నాం. పుస్తకాలు, ఛార్జరు, గొడుగు పడ్డాయి. కుట్టు విడిన అర లోపల వేలు పెట్టి తడిమితే ఒక .22 తూటా తగిలింది, పేలనిది. మా ఆయన దాన్ని తీసుకుని కౌంటరు దగ్గర డబ్బాలో వేసి వచ్చాక కారు తీశాం.