నాన్న వలను తూకం వేసిన రోజు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మా తూర్పు తీరంలో చేపల వేట నిషేధం. ఆ 61 రోజులూ ఒడిశాలోని మా గోపాలపూర్ ఒడ్డున పడవలన్నీ ఇసుకలోనే ఉంటాయి. నాన్న మాత్రం పందిరి నీడన కూర్చుని, కాలి బొటనవేలికి వల తగిలించుకుని, తెగిన కన్నులు ఒక్కొక్కటే కడుతూ ఉంటారు. నేను బరంపురంలో పిల్లలకు సైన్సు చెబుతాను. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. వేసవి సెలవుల్లో నాన్న పక్కన కూర్చుని వల కట్టడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

ముడి వేశాక మిగిలిన కొసను నాన్న అగ్గిపుల్లతో కాలుస్తారు. అది మంటగా మండదు. ముడుచుకుని, కరిగి, ఆవగింజంత నల్లటి గుండుగా గట్టిపడుతుంది. ఇక ఆ ముడి జారదు. మొన్న మే నెలలో నానమ్మ పెట్టెలోంచి తాతయ్య నాటి నూలు వల ముక్క తీసి, ఒక పోగు లాగి అదే అగ్గిపుల్లకు అంటించాను. కాగితం కాలిన వాసన వచ్చింది, చిటికెడు బూడిద మిగిలింది. తాతయ్య రోజుల్లో ఆ వలను చెట్టు బెరడు కషాయంలో నానబెట్టి, ఎండబెట్టి వాడేవారట. లేకపోతే ఉప్పునీటికి త్వరగా కుళ్ళిపోయేదట. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మా దగ్గరే తీరం దాటినప్పుడు పడవ, వలలు అన్నీ పోయాయి. ఆ పెట్టె బరంపురంలో అత్తయ్య ఇంట్లో ఉండబట్టి ఈ ముక్క మిగిలింది.

“ఈ నైలాను దేనితో చేస్తారమ్మా?” అని నాన్న అడిగారు. ముప్పై ఏళ్ళుగా ఆ దారం పట్టుకుని బతికిన మనిషి. నేను చెప్పాను: ముడి చమురు నుంచి బెంజీన్, బెంజీన్ నుంచి కాప్రోలాక్టమ్, కాప్రోలాక్టమ్ నుంచి నైలాన్-6 పోగు. నాన్న చేతిలోని వలను ఒకసారి తిప్పి చూసుకుని, “అయితే ఇదీ డీజిలేనన్నమాట” అన్నారు.

ఆ మాటతో ఇద్దరం లేచి పడవ దగ్గరికి వెళ్ళాం. తాళ్ళు పాలీప్రొపిలీన్. బెండ్లు ప్లాస్టిక్. చేపలకు ఐసు వేసే థర్మాకోల్ పెట్టె పాలీస్టైరీన్. కప్పిన టార్పాలిన్, నాన్న చెప్పులు కూడా ఆ కుటుంబమే. పడవలోని గాజు పీచు మాత్రం ఇసుక నుంచి వచ్చినదే, కానీ దాన్ని అతికించి గట్టిపరిచే రెసిన్ మళ్ళీ చమురే. తాతయ్య పడవను పలకలకు కొబ్బరి పీచు తాడుతో కుట్లు వేసి కట్టారు. యాభై ఏళ్ళలో మా బతుకు కట్టె నుంచి, పీచు నుంచి, నూలు నుంచి మొత్తంగా చమురులోకి మారిపోయింది. ఎవరూ నిర్ణయించి చేసిన మార్పు కాదిది. నైలాను వల తేలిక, కుళ్ళదు, నీళ్ళలో చేపకు కనబడదు. ఎవరైనా అదే కొంటారు. నేను దాన్ని తప్పుపట్టను.

చేపలు తూచే కాటా మీద వలను వేశాం. 45 కిలోలు. జాగ్రత్తగా బాగుచేసుకుంటే మాకు మూడేళ్ళు వస్తుంది, అంటే ఏడాదికి 15 కిలోలు. పడవను, తాళ్ళను కూడా ఏళ్ళకు పంచి కలిపితే క్వింటాలు లోపే. తరువాత డీజిలు లెక్క. రోజుకు 12 లీటర్లు, ఏడాదిలో సుమారు 180 రోజుల వేట. 2,160 లీటర్లు, తూకంలో దాదాపు 18 క్వింటాళ్ళు! పట్టుకుని వాడుకునే చమురు ఒక వంతు, పొగ అయిపోయేది 18 వంతులు. నాన్న నా చేతిలోంచి కాగితం తీసుకుని రెండుసార్లు చదివారు.

దేశం లెక్క కూడా ఇలాగే నడుస్తోంది. 2023-24లో మనం వాడిన పెట్రోలియం ఉత్పత్తులు సుమారు 23 కోట్ల టన్నులు, అందులో దాదాపు 9 కోట్ల టన్నులు ఒక్క డీజిలే. ముడి చమురులో 85 శాతానికి పైగా ఇరాక్, సౌదీ, రష్యా వంటి దేశాల నుంచే రావాలి. మాకు ఉత్తరాన పరదీప్, దక్షిణాన విశాఖపట్నం. రెండుచోట్లా ఏడాదికి కోటిన్నర టన్నులు శుద్ధి చేయగల కర్మాగారాలున్నాయి. ప్రపంచం మొత్తం మీద ప్లాస్టిక్కులు, నైలాన్ల వంటివాటికి ముడిసరుకుగా వెళ్ళేది చమురులో సుమారు ఎనిమిదో వంతే. మిగతాదంతా ప్రధానంగా కాలిపోయేదే. 2022 మార్చిలో ఉక్రెయిన్ యుద్ధంతో ముడి చమురు పీపా ధర 120 డాలర్లు దాటింది. ఎక్కడి యుద్ధమో మా ఇంటి మీద రెండు వైపుల నుంచీ పడింది. డీజిలు బంకులో ఒకటి, వల కొనే దుకాణంలో ఒకటి.

వలకు బదులు ఇంకేదీ నాకు కనబడటం లేదు. మా పిల్లల పిల్లలకూ వల కావాలి. అందుకే కాల్చేయడంలోనే ముందు తగ్గించుకోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. నాన్నకు చెబితే ఆయన కష్టం ఆయన చెప్పారు: “ఒడ్డు దగ్గర కవళ్ళు, కానాగంతలు దొరికే రోజుల్లో ఇంజను పెట్టామా? ఇప్పుడు దూరం పోతేనే చేప.” అది నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ పడవ అడుగున పట్టిన గుల్లలను గీకేసినా, వెళ్ళేటప్పుడు వేగం కాస్త తగ్గించినా డీజిలు మిగులుతుంది. నీటిలో వేగం కొంచెం పెంచినా ఖర్చు అంతకు మించి పెరుగుతుంది. ఆ వారమంతా ఇద్దరం కూర్చుని గుల్లలు గీకాం.

తెగిన వల ముక్కల సంగతి నన్ను ఇంకా బాధిస్తోంది. నూలు వల సముద్రంలో పోతే కుళ్ళిపోయేది. నైలాను పోదు. మాకు ఉత్తరాన రుషికుల్య నది మొగ దగ్గర తాబేళ్ళు లక్షల్లో గుడ్లు పెట్టడానికి వస్తాయి, అలాంటి వలల్లో చిక్కుకుని చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినవి చూశాను. ముక్కలను నీళ్ళలో వదలకుండా నాన్న ఇప్పుడు ఒక గోనెసంచిలో వేస్తున్నారు. పాత సామాను కొనేవాడు వాటిని తీసుకోనన్నాడు. సంచి పందిరి గుంజకే వేలాడుతోంది.

జూన్ 15న తెల్లవారుజామున పడవ వెళ్ళింది. సాయంత్రం నేను బరంపురం నుంచి వచ్చేసరికి వంటింటి గోడ మీద నాన్న సుద్దతో రాసిన అంకె ఉంది: 10 లీటర్లు.