పెంగ్విన్ మరకల లాగ్: మూడో నెల

ఆగస్టు చివర్లో మొదలుపెట్టాను, నవంబర్ వచ్చేసింది. ఎంపరర్ పెంగ్విన్లు పిల్లల్ని పెంచే చోటుని ఉపగ్రహ చిత్రాల్లో చూస్తూ వారం వారం రాసుకుంటున్నాను. పక్షులు కనిపించవు. సెంటినెల్-2 అనే ఉపగ్రహం తీసిన చిత్రంలో ఒక్కో పిక్సెల్ 10 మీటర్లు, అందులో పెంగ్విన్ ఎక్కడ ఆనుతుంది? కనిపించేది వాటి రెట్ట. వేల పక్షులు నెలల తరబడి ఒకేచోట ఉంటే మంచు గోధుమరంగుకి తిరుగుతుంది, ఉతికిన పంచె మీద టీ ఒలికినట్టు.

నేను పట్టుకున్నది అమాండా బే. అంటార్కిటికాలో మన దేశపు పరిశోధన కేంద్రం భారతి స్టేషన్ ఉన్న లార్స్‌మన్ హిల్స్‌కి ఈశాన్యంగా, సుమారు 25 కిలోమీటర్లు. మనవాళ్లకి అంత దగ్గరని తెలిశాక వేరే చోటు చూడాలనిపించలేదు.

మొదట ఈ చిత్రాలు చూపించే వెబ్‌సైట్ కోపర్నికస్ బ్రౌజర్‌లో మబ్బు 30 శాతం లోపు అని ఫిల్టర్ పెట్టి చాలా రోజులు పోగొట్టుకున్నాను. మంచు మీద ఆ లెక్క సరిగా పనిచెయ్యదు, తెల్లటి మంచునే మబ్బనుకుంటుంది. ఇప్పుడు ఫిల్టర్ తీసేసి ప్రతి తేదీ తెరిచి చూస్తున్నా. ఇంకోటి, లింకులోనే అక్షాంశం, రేఖాంశం, జూమ్ ఉంటాయి కాబట్టి ఒక్క లింకు దాచుకుంటే ప్రతి స్క్రీన్‌షాట్ ఒకే కొలతలో వస్తుంది.

సెప్టెంబర్‌లో రెండు వారాలు నేను పెంగ్విన్ల కాలనీ అని గుర్తుపెట్టుకున్నది మంచుకొండ నీడ. చాలా బాధేసింది. ఆ తర్వాత తేడా తెలిసింది: నీడలో నీలం ఉంటుంది, చిత్రంలోని నీడలన్నీ ఒకే వైపుకి పడతాయి, సూర్యుడు పైకొచ్చేకొద్దీ కురచవుతాయి. రెట్ట మరకకి అంచు సరిగ్గా ఉండదు, పలచబడుతూ పోతుంది. కొత్త మంచు కురిసిన రెండుమూడు రోజులకి వచ్చే చిత్రం నాకు అన్నిటికన్నా ఇష్టం: పాత మరకంతా కప్పబడిపోయి, గుంపు ఇప్పుడు నిలబడ్డచోట మాత్రమే లేతగా రంగు తేలుతుంది. పాత మరకలు కలిసిపోయి ఉంటాయి కాబట్టే, వంద పిక్సెళ్లు ఒక హెక్టారు అని విస్తీర్ణం రాసుకుంటున్నా గానీ, దాన్నుంచి పక్షుల సంఖ్య తేల్చడం లేదు.

మే, జూన్‌లలో గుడ్డు పెట్టి తల్లి సముద్రానికి వెళ్లిపోతే, తండ్రి దాదాపు 65 రోజులు తిండి లేకుండా గుడ్డుని కాళ్ల మీద పెట్టుకుని నిలబడతాడు. ఆ చీకటి నెలల్లో చిత్రాలే రావు. మనకి మొదటి చిత్రం అందేసరికి పిల్లలు బయటికొచ్చేసి ఉంటాయి.

పోయిన వారం పాత చిత్రాల్లోకి వెళ్లి 2022 స్మైలీ ఐలాండ్ చూశాను. ఆ ఏడాది అంటార్కిటికా పక్కనున్న బెల్లింగ్స్‌హౌజెన్ సముద్రంలో ఐదు కాలనీల్లో నాలుగింట్లో పిల్లలకి నీళ్లని ఆపే ఈకలు రాకముందే కింద గడ్డకట్టిన సముద్రపు మంచు విరిగిపోయింది, అందులో ఇదొకటి. నూగుతో ఉన్న పిల్ల నీళ్లలో పడితే తడిసి చచ్చిపోతుంది. వసంతంలో మరక ఉన్నచోట తర్వాతి చిత్రాల్లో నల్లటి నీళ్లు. ఆ రాత్రి ఇంకేం తెరవలేకపోయాను.

అమాండా బేలో మంచు ఇప్పటికైతే తీరాన్ని పట్టుకునే ఉంది. పిల్లలు సముద్రంలో దిగడానికి డిసెంబర్ చివరిదాకా ఆగాలి. ఇకనుంచి మరకతో పాటు మంచు అంచు ఎంత దూరంలో ఉందో కూడా కొలిచి రాస్తాను, వారానికొకసారి కాదు, చిత్రం వచ్చిన ప్రతిసారీ.